కొండకంటే ముందున్న నది

గౌరవనీయులైన బావగారికి,

మీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. చేతులు కడుక్కోకుండానే చింపాను కాబట్టి దాని నిండా ప్లాస్టర్ పొడి పడింది. మొదటిసారి కోపంతో చదివాను, రెండోసారి పొడి ఊదుకుంటూ చదివాను. ఊదడంలో కోపం కూడా కొంత ఎగిరిపోయింది. అందుకని ఈ జవాబు మర్యాదగానే ఉంటుందని ధైర్యంగా చదువుకోవచ్చు.

నెలాఖరు ఆదివారం బండికి వచ్చి అమ్మాయిని మీ ఇంటికి తీసుకెళ్తానని రాశారు. 'మా అమ్మాయి, మా అమ్మాయి' అని పంక్తికోసారి రాశారు. మా అబ్బాయి పోయి ఏడాది తిరిగేసరికి మా కోడలు ఉన్నట్టుండి మళ్ళీ మీ అమ్మాయి అయిపోయిందన్నమాట. జీవితమంతా స్టేషన్ మాస్టరుగా చేసిన మనిషి మీరు. మా స్టేషన్లో ఎక్కించిన సరుకు కాబట్టి ఎక్కడ దిగినా మాదే అని ఏ స్టేషన్ మాస్టరైనా అనగా విన్నారా?

ఆ దుమ్ములో ఆ పిల్ల ఏం చేస్తుందని అడిగారు. మీరు మా ఇంటికి వచ్చినప్పుడల్లా పనిగది గుమ్మంలోనే నిలబడి, రెండు తుమ్ములు తుమ్మి, వెనక్కి తిరిగారు. అందుకే మీకు తెలియలేదు. మేం ఎత్తుపల్లాల పటాలు చేస్తాం. బళ్ళకు, కాలేజీలకు, పెద్ద ఆఫీసుల హాళ్ళకు. గోడకు తగిలించే పటంలో కొండంటే ఒక గోధుమరంగు మరక. మా పటంలో కొండంటే వేలితో ఎక్కి దిగగలిగిన కొండ. ఊళ్ళో నన్ను కొండలాయన అనడం మీరు వినే ఉంటారు. సర్వే వాళ్ళ పటం ముందు పెట్టుకుని, ఒక్కొక్క ఎత్తుకూ ఒక్కొక్క అట్ట కోసి, మెట్లు మెట్లుగా పేర్చి, ఆ మెట్ల మీద ప్లాస్టర్ మెత్తి కొండలు చేయడం మా అబ్బాయి పని. ఆ కొండల మధ్య సన్నటి ఉలితో నదుల్ని తవ్వడం మా కోడలి పని. రంగులూ, లక్క పూతా, కొనేవాళ్ళతో కబుర్లూ నా పని. మూడింటిలోకీ నాదే కష్టమైన పని అని మా అబ్బాయి అనేవాడు, ముఖంలో నవ్వు కనబడనివ్వకుండా.

ఈ వృత్తి ఒక అబద్ధం మీద నిలబడిందని మీకు చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. భూమి నిజానికి చాలా చదును బావగారూ. కొలత ప్రకారం ఉన్నదున్నట్టు చేస్తే, మీ ఊరి వెనక కొండ ఉందే, దాన్ని చూపించి మీరు అంత గర్వపడతారే, అది మా బల్ల మీద బియ్యపుగింజ మందం కూడా రాదు. అందుకని ఎత్తుల్ని పదింతలు పెంచి చూపిస్తాం. ఎత్తుల విషయంలో అబద్ధం ఆడతాం, నీళ్ళ విషయంలో ఆడం. అది మా ఇంటి కట్టుబాటు. నది తవ్వడం అయ్యాక ఆ దారి మీద నీళ్ళు ఇంకకుండా లక్క పూత పూసి, ఆరాక, నది పుట్టే చోట నీలిమందు కలిపిన నీళ్ళు చెంచాతో పోస్తాం. ఆ నీళ్ళు ఎక్కడా నిలవకుండా, పక్క లోయలోకి దొర్లకుండా, తమంతట తాము సముద్రపు అంచుకు చేరాలి. చేరితేనే పటం గుమ్మం దాటుతుంది. మీ అమ్మాయి తవ్విన నది ఇప్పటిదాకా ఒక్కటీ దారిలో ఆగలేదు.

నదులు అటే ఎందుకు పారతాయని నన్ను అడగనివాళ్ళు లేరు. నా చిన్నతనంలో నదులన్నీ దక్షిణానికే పారతాయని నా నమ్మకం. బడి గోడ మీది పటంలో ఉత్తరం పైన ఉంది, దక్షిణం కింద ఉంది, నీళ్ళేమో కిందికి పారతాయి. ఇంకేం సాక్ష్యం కావాలి? నాలుగో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేశాను కాబట్టి ఆ నమ్మకం మీసాలు వచ్చేదాకా నాతోనే పెరిగింది. ఉత్తరంగా పారే నదొకటి ఎక్కడో కనబడితే అచ్చు తప్పనుకుని దాని బాణం గుర్తును పెన్సిలుతో తిప్పి గీశాను కూడా. మీరు నవ్వకండి. మీ రైల్వేలో మాత్రం ఏం జరుగుతోంది? పెద్ద ఊరికి వెళ్ళేది అప్ బండి, అటునుంచి వచ్చేది డౌన్ బండి. మీ అప్ బండి బ్రేకులు కీచుమంటుండగా లోయలోకి దిగుతూ కూడా అప్ బండే. నీళ్ళకు ఉత్తరం తెలియదు, పెద్ద ఊరూ తెలియదు. పక్కన వెంట్రుకవాసి పల్లం ఎటుంటే అటు ఒక అడుగు వేస్తాయి. అక్కడికి చేరాక మళ్ళీ పక్కకు చూస్తాయి. ఆ అడుగులన్నీ కలిపి మనం దిశ అంటాం.

మా ఇంటి కప్పు సంగతే చూడండి. వాన పడితే దూలానికి ఇవతల పడ్డ చినుకు మా వాకిట్లోకి, అవతల పడ్డ చినుకు పక్కింటి దర్జీ గోడ మీదికి. "మీ వాన మా గోడ తడుపుతోందండీ" అని ఆయన ఏటా వచ్చి పోట్లాడతాడు. "అది ఇంకా ఎవరి వానో తేలలేదు, పైన ఉండగా మాట్లాడుకుందాం" అని నేనంటాను. పెద్ద కొండల మీదా అంతే. జానెడు అటూ ఇటూ పడ్డ రెండు చినుకులు రెండు సముద్రాలకు పోతాయి.

ఇదంతా ఎందుకు రాశానంటే, దిగిన నీళ్ళు దిగినట్టే బావగారూ. పుట్టిన కొండకు తిరిగి ఎక్కిన నదిని నేను ఏ పటంలోనూ చూడలేదు. మీ ఇల్లు ఆ పిల్ల పుట్టిన చోటు, కాదనను. కానీ పారి వచ్చిందీ, చేరిందీ ఇక్కడికి. ఇప్పుడు వెనక్కి రమ్మనడం ప్రకృతికి విరుద్ధం.

పైగా చేతిలో ఉన్నది మామూలు పని కాదు. ఓడరేవు వాళ్ళ కొత్త హాల్లో పెట్టే పటం, రెండు మంచాలంత ఉంటుంది. మా అబ్బాయి దాని కొండలన్నీ పూర్తి చేశాడు. చివరి వరస ఒక్కటి నునుపు చేయడం మిగిలి ఉండగా జ్వరం వచ్చింది, వారం తిరగకుండానే... మీకు తెలిసిందే. ఆ రోజు మీరు వచ్చి నా పక్కన కూర్చున్నారు. పొద్దుగూకేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకుండా కూర్చున్నవారు మీరొక్కరే. అది నేను మరిచిపోలేదు, ఈ ఉత్తరంలో మర్యాద ఏమైనా మిగిలి ఉంటే దానివల్లే.

అమ్మాయిని అడిగారా అంటారేమో. అడగాల్సిన అవసరం ఏముంది? పొద్దున్నే నాకంటే ముందు పనిగదిలో ఉంటుంది. ఉలి పట్టుకుంటే పిలిచినా పలకదు. ఉండాలని లేనివాళ్ళు అలా పనిచేస్తారా? అయినా మీరు మాత్రం ఆమెను అడిగి రాశారా ఏమిటి?

చెల్లెమ్మ మోకాళ్ళకు వేడినీళ్ళ కాపడం మానొద్దని చెప్పండి. ఆదివారం బండి సంగతి మరిచిపోండి.

కోపం వచ్చినా మీ బావనే అయిన
కొండలాయన

* * *

బావగారికి,

మీ కోపం అందింది. కార్డు మీద రాయడం వల్ల నాకంటే ముందు పోస్టుమన్‌కు అందింది. "మీ వియ్యంకుడు గారికి మీరంటే చాలా అభిమానంలా ఉందండీ" అని చేతికిచ్చి, నేను చదివేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. 'నా కూతురు సరుకూ కాదు, నదీ కాదు' అని రాశారు. సరుకన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నది మాట ఇంకా నా దగ్గరే ఉంది, ఆలోచిస్తున్నాను.

ఈసారి వాదించడానికి రాయడం లేదు. నాకొక చిక్కు వచ్చింది. దాన్ని చెప్పుకోవడానికి, తమాషా చూడండి, మీరు తప్ప ఇంకెవరూ తోచలేదు.

ఓడరేవు పటంలో రెండు నదులు తేలిగ్గానే దిగాయి. మూడోది పెద్ద నది. అది పీఠభూమిలో పుట్టి, తిన్నగా మా అబ్బాయి చేసిన ఆ చివరి కొండల వరసకు ఎదురుగా వచ్చింది. వచ్చి, సర్వే వాళ్ళ పటం ప్రకారం, కొండల్ని నడిమికి చీల్చుకుని అవతలికి పోయింది. నేను నమ్మలేదు. నా జీవితంలో ఎన్ని కొండలు చేయించాను, ఎన్నిటికి రంగులు వేశాను! కొండ ఎదురైతే నీళ్ళు పక్కకు తిరుగుతాయి. ఎక్కి దాటవు.

"మామయ్యా, ఇందులో నది కొండల మధ్య నుంచే పోతోంది" అంది అమ్మాయి.

"అచ్చు తప్పు."

"మీకు నచ్చనివన్నీ అచ్చు తప్పులేనా?"

"నా అనుభవంలో సగం అవే."

"ఆ సగంలోనే కదా ఉత్తరంగా పారే నదిని వెనక్కి తిప్పారు" అంది. ఆ కథ ఆ పిల్లకు మా అబ్బాయి చెప్పి ఉండాలి. ఇంట్లో పరువు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో చూడండి.

నేను వినలేదు. వరస తూర్పు కొసన కాస్త ఖాళీ ఉంటే, అటునుంచి నదిని తిప్పమన్నాను. ఆ పిల్ల నేను చెప్పినట్టే తవ్వింది. లక్క పూత ఆరాక నీలి నీళ్ళు పోశాం. నీళ్ళు కొండ దాకా చక్కగా వచ్చాయి, నేను చెప్పిన దారిన తూర్పుకు తిరిగాయి, సగం దూరం వెళ్ళి చెరువులా నిలబడ్డాయి. నేను ఇంకో చెంచా పోశాను. ఆ చెరువు కాసేపు ఆలోచించి, పక్క లోయలోకి దొర్లి, రెండో నదిని ముంచి, బల్ల అంచు దాటి నా ఒళ్ళోకి వచ్చింది. నీలం ఇంకా వదల్లేదు.

నేను తుడుచుకుంటుంటే అమ్మాయి స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ పిల్ల కాలేజీలో ఇవన్నీ చదువుకుంది. నేనేమో పటాలు కొనేవాళ్ళు వదిలేసి పోయిన పాత పాఠ్యపుస్తకాలు, అందులోనూ చిరగని పేజీలు చదువుకున్నవాణ్ణి. చిరిగిన పేజీల్లో ఏముందో ఇలాంటప్పుడే తెలుస్తుంది.

"ఈ నది కొండకంటే ముందుంది మామయ్యా" అంది. "అది పారడం మొదలుపెట్టినప్పుడు ఇక్కడ కొండ లేదు. నేల అంతా ఒకే వాలు. తర్వాత అడుగునుంచి నేల లేవడం మొదలైంది. ఏడాదికి గోరు మందం కూడా కాదు. అది లేచినంత మేరా నీళ్ళు కోసుకుంటూ పోయాయి. కలప డిపోలో రంపం చూశారు కదా? రంపం ఉన్నచోటే ఉంటుంది, దుంగను దాని మీదికి తోస్తారు. ఇక్కడ నది రంపం."

"కొండ తొందరపడి లేస్తే?"

"అప్పుడు నది ఓడిపోయి పక్కకు తిరుగుతుంది. కొన్ని చోట్ల అలాగే అయింది. ఇక్కడ మాత్రం ఓడిపోలేదు."

నాకు అర్థమైంది బావగారూ. నీళ్ళు పల్లానికి పోతాయన్న మాట ఎక్కడా తప్పలేదు. కొండ లేస్తున్నా ఆ పల్లాన్ని పోనివ్వకుండా తవ్వుకుంటూ కాపాడుకుంది నది. అంత గొప్ప సంగతి నా బల్ల మీదికి వస్తే సంతోషించాల్సినవాణ్ణి. కానీ ఇప్పుడు రాయబోయేది ఎవరికీ చెప్పనిది. చెల్లెమ్మకు కూడా చదివి వినిపించకండి.

ప్లాస్టర్ పచ్చిగా ఉండగా బొటనవేలితో అదిమి, ఆ తర్వాత కత్తితో నునుపు చేయడం మా అబ్బాయి పద్ధతి. ఆ చివరి వరసను అదిమాడు, నునుపు చేయకముందే మంచం పట్టాడు. వాడి బొటనవేలి గుంటలు ఆ కొండ మీద వరసగా అలాగే ఉన్నాయి. దగ్గరగా చూస్తే వేలి గీతలు కూడా ఉన్నాయి. వాడి ఫొటోలు ఇంట్లో చాలా ఉన్నాయి, వాటిని చూస్తే నాకు ఏమీ అనిపించదు, ఎవరో పెద్దమనిషి కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది. ఆ గుంటలు అలా కావు. రోజూ పొద్దున పనిగదిలోకి వెళ్ళగానే, ఆ పిల్ల నీళ్ళు తేవడానికో దేనికో బయటికి వెళ్ళిన సమయం చూసి, వాటిలో నా బొటనవేలు పెడతాను. వాడి వేలు నా వేలికంటే సన్నం. సగమే దూరేది. ఆ సగంతోనే నాకు రోజు గడుస్తోంది.

నది పోవాల్సింది సరిగ్గా ఆ గుంటల మీది నుంచి.

"నది పక్కనుంచే పోతుంది" అన్నాను మళ్ళీ.

"పోదు మామయ్యా. ఇప్పుడే చూశారు."

"లోతుగా తవ్వితే పోతుంది."

"అది అబద్ధం అవుతుంది."

"మన ఎత్తులన్నీ అబద్ధమేగా?"

"నీళ్ళ విషయంలో అబద్ధం ఆడకూడదని మీరే నేర్పారు" అంది. ఉలిని గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీరు ఈ ఇంట్లో ఉండమంటున్నది నన్నా, ఆయన్నా?"

నేను ఒళ్ళోని నీలాన్ని మళ్ళీ తుడుచుకోవడం మొదలుపెట్టాను.

అప్పటినుంచి ఆమె పనిగదిలోకి రావడం లేదు. వేళకు వంట చేస్తుంది, 'మాత్ర వేసుకున్నారా' అని అడుగుతుంది, అంతే. ఇల్లంతా లక్క పూత వేసినట్టు ఉంది, ఏ మాటా లోపలికి ఇంకడం లేదు.

అందుకని మీకొక విన్నపం. తండ్రి మాటకు విలువ ఉంటుంది. ఆ కొండ జోలికి పోవద్దని, ముసలాయన చెప్పినట్టు చేయమని ఆ పిల్లకు ఒక ముక్క రాయండి. మీరు ఆ సాయం చేస్తే, ఏడాదికి రెండు నెలలు ఆమె మీ ఇంట్లో ఉండడానికి నేను ఒప్పుకుంటాను. కావాలంటే మూడు నెలలు చేయండి, ఎండాకాలం మొత్తం మీదే. ఇంతకన్నా ధర్మమైన ఒప్పందం మన ఇద్దరి మధ్య ఇంతవరకూ కుదరలేదు.

మీ జవాబు కోసం గేటు దగ్గరే నిలబడి ఉన్న
మీ బావ

* * *

బావగారూ,

మర్యాదలన్నీ తర్వాత. ముందు ఈ ఉత్తరాన్ని కూర్చుని చదవండి. చెల్లెమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. కిందటి ఉత్తరంలో దాచమన్నవన్నీ ఇప్పుడు చెప్పేయవచ్చు.

మీరు నా మాట మన్నించి అమ్మాయికి రాశారు. మూడు నెలలకు బదులు నాలుగు నెలలు అడుగుతూ నాకు విడిగా రాశారు, అది వేరే సంగతి. మీ ఉత్తరం చదువుకున్న పూటే ఆమె పనిగదిలోకి వచ్చింది. చేతిలో టార్చి ఉంది.

"నాన్న చేత మీరే రాయించారా?"

"మీ నాన్న నేను రాయమంటే రాసే మనిషేనా?"

"మామయ్యా."

"రాయించాను" అన్నాను.

ఆమె కోప్పడలేదు. కిటికీ తలుపులు మూసింది. మా పనిలో ఒక పద్ధతి ఉంది. పైనుంచి వెలుతురు పడితే ఎత్తుపల్లాలు కనబడవు, అంతా చదునుగా ఉన్నట్టే ఉంటుంది. వెలుతురు పక్కనుంచి, బల్లకు ఆనించినట్టు వేయాలి. అప్పుడు గీరుకుపోయిన చోటు కూడా దాగదు. ఆమె టార్చి వెలిగించి ఆ కొండల వరస పక్కన బల్ల మీద పెట్టింది.

"చూడండి" అంది.

చూశాను. గుంటల్లో గీతలు లేవు బావగారూ. ఒక్కటి కూడా లేదు. అంచులు కరిగిన సబ్బులా నున్నగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి.

"మీ వేలు పెట్టండి."

ఆ గదిలో ఇంకొకరు చూస్తుండగా ఎప్పుడూ పెట్టలేదు. పెట్టాను. పూర్తిగా దూరింది. చుట్టూ సందు లేకుండా, కొలత తీసి చేయించినట్టు సరిపోయింది.

"ఇవి ఆయనవి కావు మామయ్యా. మీవి."

లక్క పూత వేయని ప్లాస్టర్ చేతి చెమ్మకు అరుగుతుంది. పటాలు కొనేవాళ్ళందరికీ జీవితమంతా నేను చెప్పిన మాట అదే, ముట్టుకోకండి, ముట్టుకోకండి అని.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"మొదటినుంచీ. నేను కూడా పెట్టేదాన్ని" అంది. "నా వేలు వాటిలో వదులుగా ఊగేది. మీరు రోజూ పెడుతున్నారని తెలిశాక మానేశాను. ఇద్దరం పెడితే తొందరగా అరిగిపోతాయని."

ఏడాది పాటు నా వంతు నేను ఏ మాత్రం సిగ్గు లేకుండా వాడుకున్నాను. ఆమె వంతు కూడా నేనే వాడుకున్నాను. భర్త పోయింది ఆ పిల్లకు. నేను మాత్రం కొడుకు పోయింది నాకొక్కడికే అన్నట్టు కొండకు కాపలా కూర్చున్నాను.

పెట్టెలోంచి ఉలి నేనే తీసి ఇచ్చాను. టార్చి కూడా నేనే పట్టుకున్నాను. ముందు నేను తవ్వించిన తూర్పు దారిని ప్లాస్టర్‌తో పూడ్చి, ఆమె ఎగువ నుంచి మొదలుపెట్టింది. ఉలి గుంటల దాకా వచ్చినప్పుడు ఆగి నా వైపు చూసింది. నేను టార్చిని ఇంకాస్త దగ్గరగా జరిపాను. తెల్లటి పొడి సన్నగా రాలి లోయ నిండా పడింది, దాన్ని ఆమె కుంచెతో ఊడ్చి, నాకు తెలియదనుకుని, కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకుంది. తెలియనట్టే ఉన్నాను.

లక్క ఆరాక నీళ్ళు పోశాం. నీలం గీత పీఠభూమి దిగి, కొండ ముందు కాస్త వెడల్పయి, చీలికలోకి దూరి, ఒడ్ల మధ్య కనబడకుండా పోయింది. ఇద్దరం బల్లకు అవతలి వైపు పరిగెత్తాం. నేను పరిగెత్తానంటే మీరు నమ్మరు, అయినా రాస్తున్నాను. అవతల నీళ్ళు బయటికి వచ్చాయి. తొందర లేకుండా, ఏమీ జరగనట్టు, మైదానం మీదుగా సముద్రపు అంచుకు వెళ్ళి ఆగాయి.

అప్పుడు, ఏడాది తర్వాత, నేను ఆమెను ఒక ప్రశ్న అడిగాను. "నీకు ఎక్కడ ఉండాలని ఉందమ్మా?"

"ఇప్పటికి అడిగారు."

"మీ నాన్న ఇంకా అడగనే లేదు. ఆయన కంటే నేనే నయం."

ఆమె నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో లెక్క వేయలేదు. ఆ తర్వాత చెప్పింది. ఓడరేవు వాళ్ళకు నదుల పరీక్షాశాల ఒకటి ఉందట. పెద్ద షెడ్డులో ఇసుకతో, సిమెంటుతో నిజం నదిని చిన్నదిగా కట్టి, పంపులతో నీళ్ళు వదులుతారట. ఒడ్డున గోడ కడితే ప్రవాహం ఎటు తిరుగుతుందో, ఇసుక ఎక్కడ మేట వేస్తుందో ముందుగా అందులో చూసుకుంటారట. పటం పని ఎంతవరకు వచ్చిందో చూడడానికి చలికాలంలో వచ్చిన ఇంజినీరమ్మ, రెండు నదుల్లో నీళ్ళు పోయించుకుని చూసి, అక్కడ పనికి రమ్మని ఈమెను పిలిచి వెళ్ళింది. ఆ రోజు నేను ఆవిడకు నా రంగుల గురించి గంటసేపు చెప్పాను. ఆవిడ ఓపిగ్గా వింటోందనుకున్నాను. పటం పూర్తయ్యాక వస్తానని ఈమె గడువు అడిగిందట. మా అబ్బాయి మొదలుపెట్టిన దాన్ని సగంలో వదిలి వెళ్ళడం ఇష్టం లేక.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరూ నాన్నా కలిసి ఉత్తరాల్లో నన్ను అటూ ఇటూ పారిస్తున్నారు కదా. మధ్యలో నాకు మాట్లాడే సందేది?"

"నా ఉత్తరాలు చదివావా?"

"చదవక్కర్లేదు. మీరు పైకి చదువుకుంటూ రాస్తారు. దర్జీ మామయ్య గారు కూడా వింటారు."

కాబట్టి బావగారూ, ఆమె మీ ఇంటికి రావడం లేదు. మా ఇంట్లో ఉండడమూ లేదు. ఎన్ని నెలలు ఎవరివని మనం గీసుకున్న గీతలు మనమే చెరుపుకోవాలి. వచ్చే సోమవారం ఆమె ఓడరేవుకు వెళుతోంది. అక్కడ పనిచేసే ఇంకో అమ్మాయితో కలిసి ఒక గది చూసుకుంది. ఆ గదికి కిటికీలు రెండు ఉన్నాయట. అది నేనడిగి తెలుసుకున్న సంగతి, చెల్లెమ్మ అడుగుతుందని.

మీకు కోపం రావచ్చు. ఒంటరిగా ఆడపిల్ల అంటారు. నేనూ అన్నాను, ఆమె విని, 'ఇక్కడ మాత్రం ఏమిటి మామయ్యా' అంది. మళ్ళీ అనలేదు. నదిని సాక్షిగా నిలబెట్టి నేను మీతో వాదించిందంతా వట్టి తెలివితేటలు. నీళ్ళకు ఇష్టాలు లేవు. పల్లం ఉన్న వైపు పోతాయి, పోయిన దారికి మనం పేరు పెట్టుకుంటాం. ఆ కొండను కోసిన నది కూడా కోయాలని కోయలేదు. అలాంటి పల్లాలు ఆమెకు రెండు ఉన్నాయి, ఒకటి మీ ఇల్లు, ఒకటి మా ఇల్లు. ఊరికే జారి ఉండిపోవడానికి రెండూ మెత్తగా సిద్ధంగా ఉన్నాయి. ఆ రెండిటినీ కాదని మెట్లెక్కి వెళ్ళడం ఏ నదికీ చేతకాదు. ఆమె నది కాదని మీరు ముందే రాశారు. కోపంలో రాసినా, మన ఇద్దరిలో మీరే ముందు సరైన మాట రాశారు. ఇది మీకు రాసి ఇస్తున్నాను, దాచుకోండి, మళ్ళీ ఇలాంటి మాట నా దగ్గర్నుంచి రాదు.

ఈ సంగతి తనే మీకు రాయమన్నాను. "మీరే రాయండి మామయ్యా. మీరు చెబితేనే నాన్న వింటారు" అంది. మన ఇద్దరి గురించి ఆ పిల్లకు అంత మంచి అభిప్రాయం ఎలా కలిగిందో నాకు తెలియదు. దాన్ని పాడు చేయకండి.

అనుకున్న ఆదివారం బండికే రండి. చెల్లెమ్మ మోకాళ్ళు ఒప్పుకుంటే ఆమెను కూడా తీసుకురండి. తీసుకెళ్ళడానికి కాదు, పంపించడానికి. ప్లాట్‌ఫాం మీద ఏ బోగీ ఎక్కడ ఆగుతుందో మీకు తెలిసినట్టు నాకు తెలియదు. పెట్టెలు మోయనని ముందే చెబుతున్నాను, నేను చేతులు ఊపుతాను.

సోమవారం ఆమె బండి వెళ్ళాక మీరు వెంటనే తిరుగు బండి ఎక్కకండి. నాలుగు రోజులు ఉండండి. పటాన్ని లారీ ఎక్కించడానికి మనుషులు కావాలని, ప్లాస్టర్ కలపడానికి ఒకరు సాయం కావాలని రాద్దామనుకున్నాను. అది కారణం కాదు. మా ఆవిడ ఉన్నప్పుడు ఆవిడ, తర్వాత అబ్బాయి, తర్వాత ఆ పిల్ల, నేను ఎక్కడినుంచి తిరిగి వచ్చినా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. నా చేత్తో తాళం తీసుకుని లోపలికి వెళ్ళడం నాకు అలవాటు లేదు బావగారూ. ఆ మొదటిసారి మీరు పక్కన ఉండండి. ఏమీ మాట్లాడనక్కర్లేదు.

మీ
బావ